రేడియేటర్లో డబ్బాడు పసుపు

మా అన్నయ్య పెళ్లికొడుకుగా ఇంటి నుంచి బయల్దేరినప్పుడు తెల్లగా ఉన్నాడు. దారిలో పచ్చబడ్డాడు. ఆడపెళ్లివారి పందిట్లోకి ఎర్రగా దిగాడు. ఈ మూడు రంగుల్లో మొదటిది ఒక్కటే ఇస్త్రీ చలవ, మిగతా రెండూ నా ప్రతిభ. మీరిప్పుడు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. ఆ రోజు దారిలో మాత్రం ఎవరూ నవ్వలేదు, ముఖ్యంగా అన్నయ్య.

ఎనభైల మొదట్లో సంగతి. మాది నరసరావుపేట. పెదనాన్న వాళ్లదీ మాదీ ఒకే ప్రహరీలో పక్కపక్క ఇళ్లు. అన్నయ్య ఆయన కొడుకే. పెదనాన్నకు ఓ పాత నల్ల కారు ఉండేది. ఆయన కొనేనాటికే అది మూడు చేతులు మారింది. ఆయన చేతికొచ్చాక ఇక చెయ్యి మారలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిలు పుల్ల తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి చూసేవాడు. బ్యాటరీలో నీళ్లు, టైర్లలో గాలి, బెల్టు బిగువు, అన్నీ తడిమి చూడాల్సిందే. రేడియేటర్లోకి మా బావి నీళ్లు పోయనిచ్చేవాడు కాదు. "మన నీళ్ల నిండా సున్నమేరా. కాగు అడుగున పెచ్చు కట్టేది చూళ్లా? దీని కడుపులోనూ అట్టానే కడద్ది" అని సాగర్ కాలవ నీళ్లు తెప్పించి, పాత పంచెతో వడగట్టి పోసేవాడు. పెద్దమ్మకు జ్వరమొస్తే మాత్రం రెండో రోజుకు గానీ తెలిసేది కాదు ఆయనకు.

ఆ కారు తాళం కోసం నేను పడ్డ తపన అంతా ఇంతా కాదు. డ్రైవింగ్ వచ్చు, లైసెన్సు ఉంది, వయసు ఇరవై రెండు. లేనిదల్లా పెదనాన్నకు నా మీద నమ్మకం. చివరికి అన్నయ్య పెళ్లి కుదిరాక ఆయనే మెత్తబడ్డాడు.

"ఒరేయ్, ధరణికోట దాకా నువ్వే తోలు. నేను పక్కన కూకుంటా. పెళ్లికొడుకుని టయానికి చేర్చినోడికే ఇక బండి తాళం."

"నిజంగా?"

"మాటంటే మాటే. రేడియేటరు మాత్రం చూసుకో. ముసల్ది."

అంతే, నాకు నిద్ర పట్టలేదు. రేడియేటరు చుక్క కూడా కారడం లేదు. కానీ రేపు దారిలో కారితే? ఆ సందేహంతో టీకొట్టు దగ్గర లారీ డ్రైవరు కోటయ్యను అడిగాను. పిడుగురాళ్ల నుంచి అమరావతికి సున్నం బస్తాలు తోలే మనిషి, మా ఇంటి వెనక వీధే.

"కారితే చిటికెడు పసుపెయ్యి తమ్ముడూ. బెజ్జం పూడిపోద్ది. ఊరు చేరేదాకా లాగుద్ది" అన్నాడు.

ఇక్కడ నా బుర్ర పనిచేసింది. అది పనిచేసిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి పాడైందనుకోండి, అది వేరే సంగతి. కారిన తర్వాత వేస్తే చిటికెడు ఒక బెజ్జాన్ని పూడుస్తుంది. కారకముందే డబ్బాడు వేస్తే? రాబోయే బెజ్జాలన్నీ పుట్టకముందే పూడిపోవూ! పెదనాన్న ఇన్నేళ్లూ చెప్పే ముందుజాగ్రత్తకు ఇంతకన్నా అర్థం ఏముంటుంది?

పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తుండగా, పెద్దమ్మ పెళ్లి కోసం దంచి పెట్టుకున్న పసుపు డబ్బా ఎత్తుకొచ్చాను. బకెట్లో కలిపి రేడియేటర్లో పోశాను. పాయసమంత చిక్కగా దిగింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

సాయంత్రానికి ఇంట్లో గొడవ మొదలైంది. డబ్బా ఖాళీ. "నేను లేనప్పుడు నా వంటింట్లోకి వచ్చేది ఎవరంట?" అని పెద్దమ్మ గోడకు చెప్పింది. "నాకేం ఖర్మ, మా ఇంట్లో పసుపు లేకనా?" అని మా అమ్మ దూడకు చెప్పింది. తోడికోడళ్లిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నేను మాట్లాడటమే మానేశాను.

తెల్లారి జనమంతా బస్సులో ముందు వెళ్లారు. కార్లో నేను, నా పక్కన పెదనాన్న, వెనక పెద్దమ్మ, తెల్ల పట్టుపంచెలో అన్నయ్య. ముహూర్తం పదిన్నరకు. సత్తెనపల్లి దాటి అమరావతి రోడ్డెక్కామో లేదో, బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది.

"ఆపు! ఆపరా!" అని పెదనాన్న కేక వేశాడు. "ఇన్నేళ్లలో ఒక్కనాడు మరిగిన బండి కాదే ఇది! ఏం చేశావురా?"

"ఏం చెయ్యలా పెదనాన్నా."

ముప్పావు గంట చల్లారనిచ్చి, లోపల ఎవరికీ కనబడకుండా అడ్డం నిలబడి మూత నేనే తీశాను. కాలవ నీళ్లు తెచ్చి పోశాను. రెండు చెంబులు పట్టాయి. మూడోది పైకే వచ్చింది.

"నాలుగైదు పట్టాలే. రెండిటికే నిండేదేంది?" అని పెదనాన్న అనుమానంగా స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "నేను స్టార్ట్ చేస్తా. లోపల నీళ్లు తిరగతన్నయ్యో లేదో వంగి చూడు."

లోపల ఏముందో నాకు తెలుసు కదండీ. అందుకని, "అన్నయ్యా, నువ్వు చూడు. నీ చూపు బాగుంటది" అన్నాను. ఆ ఒక్క మాటకే నాకు నరకంలో ప్రత్యేకంగా గది కేటాయించి ఉంటారు.

పాపం, అన్నయ్య వంగాడు. ఇంజన్ తిరిగింది. దారి మూసుకుపోయిన నీళ్లన్నీ ఒక్కసారిగా పైకి లేచి, గోరువెచ్చటి పచ్చ ధారగా అన్నయ్య తలనుంచి పంచె అంచుదాకా తడిపేశాయి.

 పెద్దమ్మ నెమ్మదిగా వచ్చి, కొడుకు చెంప మీద వేలితో తీసి వాసన చూసింది.

"ఇది నా పసుపే" అంది.

"పెద్దమ్మా..."

"నా చేత్తో దంచిన పసుపు నాకు తెలీదంట్రా? అయ్యో, నీ దుంపతెగ, నిన్నటి నుంచి మీ అమ్మను ఎన్ని మాటలన్నాన్రా!"

పెదనాన్న మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

అప్పుడొచ్చింది కోటయ్య లారీ. సంగతి విని తల పట్టుకున్నాడు. "చిటికెడన్నాను గదా అబ్బాయ్! అదీ కారేటప్పుడు! ఎక్కండి, ముహూర్తం తప్పుద్ది."

కారుకు తాళం వేసి, ఆ తాళం మొలలో దోపుకుని పెదనాన్న క్యాబిన్ ఎక్కాడు. పెద్దమ్మా, అన్నయ్యా పక్కన ఇరుక్కున్నారు. నన్ను వెనక బస్తాల మీద పడేశారు. క్యాబిన్లో సీటు మీద, డోరు మీద, గాల్లో కూడా సున్నం. పసుపు నీళ్లలో తడిసిన మనిషికి సున్నం తగిలితే ఏమవుతుందో పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. కాసేపటికి క్యాబిన్లోంచి అన్నయ్య కేక వినబడింది.

"అమ్మా! నేనేందే ఎర్రబడతన్నా?"

ధరణికోటలో మేళం వాయిస్తున్నారు. లారీ ఆగింది. తలుపు తెరుచుకుని, నిలువెల్లా ఎర్రటి మరకలతో పెళ్లికొడుకు దిగాడు. మేళం ఆగిపోయింది. పెళ్లికూతురు నాయనమ్మ గుండెలు బాదుకుంది.

"ఓరి నాయనో! పిల్లోణ్ణి నరికేశారు! పల్నాటి సంబంధం వద్దంటే ఇన్నారా? కొట్టుకోకుండా పెళ్లికి గూడా రాలేరే ఈళ్లు!"

ఒకాయన డాక్టరు కోసం పరిగెత్తాడు. పెద్దమ్మ నా చెవి పట్టుకుని పందిరి మధ్యలో నిలబెట్టింది. "చెప్పు, అందరికీ ఇనపడేటట్టు చెప్పు." చెప్పాను. డబ్బా దగ్గర్నుంచి చెప్పాను. ముందుగా నవ్వింది పెళ్లికూతురు. ఆ తర్వాత పందిరి ఆగలేదు. అన్నయ్య మామగారి కొత్త పంచె కట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది.

మా అమ్మా పెద్దమ్మా అప్పటికప్పుడే కలిసిపోయారు, నన్ను తిట్టడానికి.

భోజనాల వేళ, నాకు సిగ్గెక్కడిది, పెదనాన్న దగ్గరకు వెళ్లాను. "ఏదైతేనేం పెదనాన్నా, అన్నయ్య టయానికే చేరాడు గదా. మరి... తాళం?"

ఆయన మొలలోంచి తాళం తీశాడు.

"మాటంటే మాటే. పెళ్లికొడుకుని టయానికి చేర్చినోడికే అన్నా."

చాచిన నా చేతిని దాటుకుంటూ పోయి, పంక్తిలో బూరెలు తింటున్న కోటయ్య విస్తరి పక్కన తాళం పెట్టాడు.

దారిలో వదిలిన కారును ఇంటికి లాక్కొచ్చి రేడియేటర్ విప్పి కడిగితే మూడు ఆదివారాల దాకా పచ్చ నీళ్లే వచ్చాయి. ఆ తర్వాత కోటయ్య చేతి కింద కారు ఇంకో పదేళ్లు నిక్షేపంగా తిరిగింది. అందులో నాకూ భాగం ఉందండోయ్. సైకిల్ మీద కాలవ నీళ్లు తెచ్చి, పంచెతో వడగట్టే ఉద్యోగం నాదే. వదిన ఇప్పటికీ నన్ను చూడగానే పసుపు డబ్బా పైఅరలో పెట్టేస్తుంది.

కాబట్టి అమరేశ్వరుడి సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పసుపును పప్పులో తప్ప ఇంకెందులోనూ వేయను. అదీ చిటికెడే. అదీ మా ఆవిడ పక్కన నిలబడి చూస్తుంటేనే.