వెన్న నిండుకున్న శనివారం

మా చిన్నప్పుడు... వంటింటి గుమ్మం పక్కన గోడకు ఒక మేకు ఉండేది. దానికి మా నాయన చొక్కా వేలాడేది. చొక్కా ఉందంటే నాయన ఇంట్లో ఉన్నట్టు. మేకు ఖాళీగా ఉందంటే సారాయి అంగడికి పోయినట్టు.

మాది ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఎనభైలలో సంగతి ఇది. నాయన మేస్త్రీ పని చేసేవాడు. హొగెనకల్ దిక్కు పని దొరికితే శనివారం సాయంత్రం తువ్వాలులో కావేరి రొయ్యలు మూటగట్టుకుని వచ్చేవాడు. ఆ మూట చూస్తే ఏ పిల్లలైనా ఎగిరి గంతేస్తారు. నేను మాత్రం మేకు వైపు చూసేదాన్ని.

ఎందుకంటే మా ఇంట్లో రొయ్యలంటే మసాలా కూరే. ధనియాలు, మిరపకాయలు వేయించాలి, కొబ్బరి తురమాలి, అన్నీ సన్నికల్లు మీద మెత్తగా నూరాలి. తక్కువలో తక్కువ గంట... ఆ గంట నాయనకు గడిచేది కాదు. కాళ్ళూ చేతులూ కడుక్కుని, రెండుసార్లు గుమ్మంలోకి తొంగిచూసి, "కూర అయ్యేలోపల వచ్చేస్తా" అని చొక్కా తీసుకునేవాడు.

కూర అయ్యేది. చల్లారేది. ఆయన వచ్చాక ఏం జరిగేదో ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళకు తెలుసు.

ఒక శనివారం అమ్మ సన్నికల్లు జోలికే పోలేదు. నాయన ఇంకా దొడ్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"పాపా, సీక్రం! నువ్వు తెల్లగడ్డలు ఒలుచు, నేను రొయ్యలు చూసుకుంటా. మీ నాయన చొక్కా తొడుక్కునేలోపల అన్నం ముందర పెట్టల్ల" అంది.

నా గోళ్ళు మండిపోతున్నా వెల్లుల్లి ఒలిచి ఇచ్చాను. అమ్మ ఉట్టి మీది ముంత దించింది. అందులో నీళ్ళలో తేలే వెన్న ఉంది... మా గేదె పాలు తోడుపెట్టి చిలికి, నెయ్యి కాచుకోవడానికని దాచుకున్నది. పిడికెడు తీసి బాణలిలో వేసింది. చితక్కొట్టిన వెల్లుల్లి, రొయ్యలు, ఉప్పు, దంచిన మిరియాలు. అంతే. రొయ్యలు ముడుచుకుని ఎర్రబడగానే దించేసింది.

అప్పటికే నాయన చొక్కా అందుకున్నాడు. ఎడమ చెయ్యి దూర్చాడు... అక్కడే నిలబడిపోయాడు.

"ఏమే, ఏం వాసన అది?"

"అయిపోయినాది. వేడిగా ఉండాది, కూసో."

"మసాలా నూరనే లేదే?"

"తిని చూసి అడుగు."

నేను నాయన మొహం చూడలేదు. కుడి చెయ్యి వైపే చూస్తున్నాను. అది చొక్కాలోకి పోతుందా, కంచంలోకి వస్తుందా అని...

కూర్చున్నాడు. ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి అన్నంలో. బాణలిలో మిగిలిన వెన్న కూడా అడిగి అన్నంలో పోయించుకుని తిన్నాడు. తిని అక్కడే చాప మీద ఒరిగిపోయాడు. అమ్మ ఆ చొక్కా మెల్లగా లాగి మేకుకు తగిలించి, నా వైపు చూసి నవ్వింది. అమ్మ నవ్వు అనుకుంటే నాకు గుర్తొచ్చేది అదొక్కటే.

ఇంకో రెండు శనివారాలు అలాగే గడిచాయి.

నాలుగో వారం గేదె వట్టిపోయింది. బుధవారం చిలికిన ఆఖరి వెన్నను, నిమ్మకాయంత ముద్దను, శనివారానికని ముంతలో ఉంచి అమ్మ మళ్ళీ ముట్టలేదు. నేను ముట్టాను. బడి నుంచి రాగానే ఒక వేలు... మర్నాడు రెండు వేళ్ళు. వెన్న దొంగిలిస్తే చిన్ని కృష్ణుణ్ణి ముద్దుచేస్తారు కదా, నన్నేమంటారులే అనుకున్నాను. చిన్నదాన్ని... అయినా అది ఎందుకు దాచిందో నాకు తెలుసు.

శనివారం నాయన మూటతో వచ్చాడు. అమ్మ ముంత దించింది. లోపల నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ముంతలోకి చూసింది. నన్ను చూసింది. నూనె సీసా నా చేతికిచ్చింది. మా ఇంట్లో నూనె ఏ పూటకాపూట తెచ్చుకోవడమే.

"పరిగెత్తు" అంది. అంతే.

పరిగెత్తాను. అంగడి దగ్గర జనం. "సీక్రం, సీక్రం" అని ఏడ్చి మరీ పోయించుకున్నాను. ఇంటికి వచ్చేసరికి రొయ్యలు ఒలిచి ఉన్నాయి, వెల్లుల్లి చితక్కొట్టి ఉంది, పొయ్యి మండుతోంది. మేకు ఖాళీగా ఉంది.

ఆ తర్వాత నాయన మళ్ళీ ఆగలేదు. గేదె ఈని, ముంత నిండాక కూడా ఆగలేదు. ఆ వాసన వస్తూ ఉండగానే "వచ్చి తింటా" అని చొక్కా వేసుకుని పోయాడు.

తాగే మనిషిని పిడికెడు వెన్న ఎన్నాళ్ళు ఆపుతుంది? పెద్దయ్యాక ఆ మాత్రం నాకూ తెలిసింది. తెలిసినా ఏమీ తేలిక పడలేదు. అమ్మ చివరిదాకా ఆ ముంత మాట ఎత్తలేదు. నా వీపున రెండు తగిలించి ఉంటే బాగుండేది... ఇప్పుడు నాయనా లేడు, అమ్మా లేదు. తలుచుకుంటే ఏడుపైనా రాదు. మనసు మొద్దుబారిపోయింది.

ఇప్పుడు రొయ్యలు ఒలిచినవే దొరుకుతాయి. వెల్లుల్లి కూడా ఒలిచి కవర్లో పెట్టి అమ్ముతున్నారు. పది నిమిషాల వంట. నిన్న సాయంత్రం చేశాను. మా అమ్మాయి ఫ్రిజ్ తెరిచి, "ఏందిమ్మా, నాలుగు వెన్న ప్యాకెట్లు? అంగడి ఏమైనా పెడతావా?" అని నవ్వింది. బాణలి దగ్గర నా చేతులు చూసి, "మెల్లగా చెయ్యి, ఎవరు పోతా ఉండారని ఇంత తొందర?" అంది.

మా ఇంట్లో తాగేవాళ్ళు లేరు. గోడకు మేకు కూడా లేదు. అయినా వెన్న మాత్రం నిండుకోనివ్వను.

మీ అమ్మ కూడా ఎవరినో ఇంట్లో ఆపడానికని గబగబా వండిన వంట ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... ఆగారో లేదో కూడా రాయండి.