భూమి బద్దలవని గురువారం

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. చెప్పబోయి, గొంతు దాకా తెచ్చుకుని, మంచినీళ్లు తాగి ఊరుకున్న రోజులున్నాయి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి బతుకును నేను ఒక్క మాటతో పాడుచేశాను. తమాషా ఏమిటంటే ఆ మాటలో వెతికితే అబద్ధం దొరకదు. అబద్ధమే అయ్యుంటే ఎప్పుడో లెంపలేసుకుని ఉండేవాణ్ణేమో. అందులో కాస్త నిజం ఉండబట్టే ఇన్నేళ్లూ దాని వెనక దాక్కోగలిగాను.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ మధ్యలో వదిలేసి, సినిమా పిచ్చితో తెనాలి వైపు నుంచి హైదరాబాద్ వచ్చినవాణ్ణి నేను. అప్పటికి ఎనభైలు అయిపోవస్తున్నాయి. శ్రీనగర్ కాలనీలో ఓ మేడ మీద గది దొరికింది. అందులో అప్పటికే మల్లేశం ఉన్నాడు. కరీంనగర్ దగ్గర పల్లె అతనిది. ఇద్దరం అసిస్టెంట్ డైరెక్టర్లం. ఒకే స్టవ్వు, ఒకే బకెట్టు, వానొస్తే కారే పైకప్పు కింద ఒకే పొడి మూల. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు షూటింగ్ మానుకుని పథ్యం వండిపెట్టింది అతనే. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచుకోవాలనిపిస్తుందేమోనని.

మల్లేశం దగ్గర ఓ కథ ఉండేది. బోరుబావులు వేసే లారీ డ్రైవరు కథ. అందులో హీరో మల్లేశం మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఆ రోజుల్లో మా సినిమాల్లో ఆ యాస కమెడియన్‌కో, రౌడీకో ఇచ్చేవాళ్లం. హీరోకి ఇవ్వడం ఎవరూ ఊహించలేదు. ఫిల్మ్ నగర్లో మల్లేశం కథ చెప్పని ఆఫీసు లేదు. అందరూ బాగుందనేవారు, భాష మార్చమనేవారు. వాడు మార్చేవాడు కాదు. బయటికొచ్చాక మాత్రం టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని, టీ చల్లారిపోయేదాకా కూర్చునేవాడు.

అలా పదేళ్లు గడిచాక, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఓ రైసుమిల్లు యజమాని ఆ కథకు పడిపోయి, ప్రొడ్యూసర్‌గా డబ్బు పెడతానన్నాడు. పెద్ద హీరో కాకపోయినా, పేరున్న హీరో ఒకతను ఒప్పుకుని డేట్లిచ్చాడు. ఆ డేట్లు దాటిపోతే ఏడాది దాకా మళ్లీ దొరకడు. గురువారం ఉదయం ముహూర్తం పెట్టారు. మల్లేశం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చి నన్ను వాటేసుకున్నాడు. కో-డైరెక్టర్‌గా నన్నే పెట్టుకుంటానన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు వినిపించింది మాత్రం వేరు. ఇకమీదట నేను వాడి కింద.

కడుపు మండింది. ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు. మర్నాడు ఆఫీసులో క్లాప్ బోర్డు చూశాను. దర్శకత్వం అన్న చోట మల్లేశం పేరు తెల్ల రంగుతో కొత్తగా రాసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు. వేలితో తుడిచేద్దామన్న ఆలోచన వచ్చిపోయింది. ఎంత నీచం! తుడవలేదు. ఆ అవసరం రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పేపర్లలో ఓ ప్రయోగం గురించి గోల మొదలైంది. ఎక్కడో విదేశంలో నేల కింద మైళ్ల పొడవున గుండ్రటి సొరంగం తవ్వి, అణువుకన్నా చిన్న కణాలను మహా వేగంగా తిప్పి ఎదురెదురుగా గుద్దిస్తారట. ఆ గుద్దుడుకు ఓ నల్లటి బిలం పుట్టి భూమిని మింగేస్తుందని ఎవరో అన్నారట. అసలే శతాబ్దం అయిపోతోందని జనం బెంగగా ఉన్నారు. కేబుల్ టీవీలో రోజూ భూగోళం పుచ్చకాయలా పగిలేది. మా హీరోయిన్ వాళ్లమ్మ మృత్యుంజయ హోమం చేయించింది. మేకప్ మనిషి ఊళ్లో హాస్టల్లో ఉన్న పిల్లల్ని తెచ్చేసుకున్నాడు. లైట్‌మెన్ మాత్రం పోతే అందరం కలిసే పోతాం కదా అని నవ్వుకుంటూ బిర్యానీ తెప్పించుకున్నారు. ఇంగ్లిష్ పేపర్ చదివి అర్థం చెప్పడానికి అందరికీ నేనే దిక్కు. ఆ చదువు మానేశాక మొదటిసారి నా చదువుకు విలువ వచ్చింది. నిజం చెప్పనా? అది నాకు బాగా నచ్చింది.

ప్రయోగం మొదలయ్యేదీ మా ముహూర్తం రోజే అని పేపర్లో వచ్చింది. ఇక మా ప్రొడ్యూసర్ గారి సంగతి చెప్పాలి. మంచివాడు, కానీ సెంటిమెంట్ల పుట్ట. మంగళవారం కారెక్కడు. పిల్లి అడ్డొస్తే షూటింగ్ ప్యాకప్ అంటాడు. సిద్ధాంతి గారిని అడిగితే, ముహూర్తం బ్రహ్మాండంగా ఉంది గానీ ఆ యంత్రం సంగతి పంచాంగంలో లేదన్నారట. అందుకని నన్ను జూబ్లీ హిల్స్‌లో ఇంటికి పిలిపించాడు.

ఉదయం పూట. డైనింగ్ టేబుల్ దగ్గర పెసరట్టు పెట్టించాడు. తను ముట్టుకోలేదు.

"ఏమయ్యా, నువ్వు ఫిజిక్సు చదివావంట కదా. నాకు దాపరికం లేకుండా చెప్పు. ఆ గుద్దుడుతో ఏమన్నా అవుద్దా?"

ఏమీ కాదని నాకు తెలుసు. ఆ పేపర్లోనే కింద శాస్త్రవేత్తలు చెప్పింది చదివాను. అంతకన్నా వేగంగా అలాంటి కణాలు ఆకాశం నుంచి కోట్ల సంవత్సరాలుగా రోజూ మన నెత్తిన పడుతూనే ఉన్నాయి, చంద్రుడి మీదా పడుతున్నాయి. చంద్రుడు ఎక్కడికీ పోలేదు. ఇంత చెబితే చాలు. పెసరట్టు నమిలేంత సేపట్లో చెప్పేయొచ్చు. నేను చట్నీ కలుపుకుంటూ కూర్చున్నాను.

"ఏమీ కాదని గ్యారంటీగా ఎవరూ చెప్పలేరండీ," అన్నాను.

చూశారా, అందులో అబద్ధం లేదు. శాస్త్రం దేనికీ నూటికి నూరుపాళ్లు హామీ ఇవ్వదని మా మాస్టారే చెప్పారు. ఆయన ఎందుకు చెప్పారు, నేను దాన్ని ఎందుకు వాడాను! ప్రొడ్యూసర్ ముఖం పాలిపోయింది. నాకు జాలి వేసింది కూడా. అయినా ఇంకో అట్టు వేయించుకున్నాను. ఆకలి వేసి కాదు. నోరు ఖాళీగా ఉంటే ఇంకేదో అడుగుతాడేమో, నిజం చెప్పేస్తానేమో అని.

సాయంత్రానికి ముహూర్తం వాయిదా పడింది. ఆ యంత్రం గండం గడిచాక మంచి రోజు చూద్దామన్నాడు ప్రొడ్యూసర్. ఈలోగా హీరో డేట్లు ఇంకో కంపెనీ వాళ్లు ఎగరేసుకుపోయారు. మా ప్రొడ్యూసర్‌కి అదీ అపశకునంలాగే తోచి, ఆఫీసు మూసేసి మిల్లు చూసుకోవడానికి ఊరెళ్లిపోయాడు. నేను కోరుకున్నది ఇదేనా? నాలుగు రోజులు ఆలస్యమైతే చాలనుకున్నాను, అంతే. అలా అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఎందుకో నమ్మబుద్ధి కాదు.

గురువారం వచ్చింది. భూమి బద్దలవలేదు. శుక్రవారం పాలవాడు వచ్చాడు, పేపర్ వచ్చింది. మొదటి పేజీలో ఆ ఊసే లేదు. మల్లేశం మంచం మీద కూర్చుని పేపరంతా తిరగేసి, మడిచి పక్కన పెట్టి నన్ను అడిగాడు.

"నువ్వు చదువుకున్నోనివి, నిజం చెప్పురా. గా మిషిన్‌తోని నిజంగనే డేంజర్ ఉండెనా? లేకుంటే ఉత్తగనే నా సిన్మా పాయెనా?"

అది దేవుడిచ్చిన రెండో అవకాశం. నిజం చెప్పుంటే వాడు తిట్టేవాడు, కొట్టేవాడు. తర్వాత ప్రొడ్యూసర్ కాళ్లు పట్టుకోవడానికి ఇద్దరం గోదావరి రైలెక్కేవాళ్లమేమో. కానీ నిజంగా ప్రమాదం ఉండేదని, తృటిలో తప్పిందని, ఆయన భయపడటంలో తప్పులేదని చెప్పాను. ఇది మాత్రం పచ్చి అబద్ధం. వాడు నమ్మాడు. "అయితే ఫికర్ లేదు తియ్. జనమంతా బతికిండ్రు గదా," అని నవ్వడానికి చూశాడు. తర్వాత లేచి నాకు టీ పెట్టి ఇచ్చాడు. ఆ టీ తాగాను.

తర్వాత నేను రెండు సినిమాలు తీశాను. రెండూ పోయాయి. అది శిక్ష అనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది, అందుకే అలా అనుకోవడం లేదు. మల్లేశం మళ్లీ డైరెక్టర్ కాలేదు. సీరియళ్లలో నటులకు డైలాగులు అందిస్తూ గడిపాడు. ఇప్పటికీ నలుగురు కూర్చుంటే ఆ కథ తనే నవ్విస్తూ చెబుతాడు, భూగోళం మొత్తం తన సినిమాకు అడ్డొచ్చిందని. అందరూ నవ్వుతారు. వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను.

ఇప్పుడు వాడి భాషలో హీరోలు మాట్లాడుతున్నారు. ఈమధ్య అలాంటి సినిమా ఒకటి చూద్దామని వాడే నన్ను తీసుకెళ్లాడు. హాలంతా ఈలలు. హీరో మొదటి డైలాగు చెప్పగానే మల్లేశం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మనం జర ముందుగాల పుట్టినం రా," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. మనం అన్నాడు.

అప్పుడూ చెప్పలేదు. చెబితే వాడు తట్టుకోలేడని సాకు పెట్టుకున్నాను. తట్టుకోలేనిది నేనే. ఆ క్లాప్ బోర్డు ఇప్పటికీ వాళ్లింట్లో టీవీ పైన గోడకు తగిలించి ఉంది. వెళ్లినప్పుడల్లా దానికి ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చుంటాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ హక్కు మీది కాదు, నేను అడగడమూ లేదు. ఆ రోజు ఆ పెసరట్టు ముందు చెప్పాల్సిన జవాబు ఒకటి నా నోట్లోనే ఉండిపోయింది. అది ఒక్కసారి బయటికి అనుకుంటే ఊపిరాడుతుందేమోనని ఇదంతా రాశాను.

ఏమీ కాదండీ. గురువారం మల్లేశం చేత సినిమా మొదలుపెట్టించండి.