లోపల తడిసిన స్వెటర్

మొన్న జనగామలో పొద్దున్నే నడకకు బయలుదేరుతుంటే, మనవరాలు ఫోన్‌లో చలి ఎంతుందో చూసి, మెత్తటి కొత్త కోటు తొడిగి, మెడదాకా జిప్పు లాగి మరీ పంపింది. రెండు వీధులు దాటేసరికి వీపంతా చెమట. నా ఒళ్లే అంత, పుష్యమాసంలోనూ నాలుగడుగులు వేస్తే తడిసిపోతాను. ఆగి జిప్పు తీస్తుంటే దాదాపు నలభై ఏళ్ల కిందటి ఎర్ర స్వెటర్ గుర్తొచ్చింది.

నా చెమట సంగతి మా అవ్వకు బాగా తెలుసు. దేవరుప్పుల దగ్గర మా ఊళ్లో, చలికాలం నేను చేను నుంచి ఇల్లు చేరగానే మెడ వెనక నుంచి చేయి దూర్చి వీపు తడిమి చూసేది. లోపల పల్చటి నూలుబట్ట, మీద వదులైన చొక్కా, ఆపైన శాలువా. నడుస్తున్నంతసేపు పైవి తీసెయ్యాలి, ఆగగానే లోపలిది మార్చుకోవాలి, సంచిలో ఒక పొడిబట్ట ఎప్పుడూ ఉండాలి. ఇదీ ఆమె చట్టం. నర్సు కొలువొచ్చి గూడూరు వైపు అడవి అంచు ఊళ్లలో పడ్డాక నాకది మోటుగా తోచింది. మొదటి జీతంతో మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, రోడ్డు పక్క నేపాలీల దగ్గర ఆ ఎర్ర ఉన్ని స్వెటర్ కొనుక్కున్నాను. దానితో పొడిబట్ట మొయ్యడం మానేశాను.

మంచు ఇంకా విడవని ఒక పొద్దున తండా నుంచి ఒకాయన ఆయాసపడుతూ వచ్చాడు. భార్యకు నెలలు నిండకుండానే నొప్పులట, బండి పోయే దారి లేదట. కాన్పు సంచి పట్టుకుని ఆయన వెనక మూడు మైళ్లు పరుగులాంటి నడక నడిచాను. సగం దారిలోనే చెమట కారిపోతున్నా స్వెటర్ తియ్యలేదు. తీసి చంకన పెట్టుకుంటే సోకు తగ్గుతుందని నా బాధ.

మేం చేరేసరికే బిడ్డ పుట్టేసింది. పిడికెడంత ఆడపిల్ల. బొడ్డు కోసి, సంచిలో ఉన్న ఒక్క శుభ్రమైన బట్టతో ఒళ్లు తుడిస్తే అది కాస్తా తడిసింది. ఇక ఆలోచించకుండా ఒంటి మీది స్వెటర్ విప్పి, ఉన్ని కదా అని గర్వంగా పసిదాన్ని అందులో చుట్టి, తల్లి వైపు తిరిగాను. కాసేపటికి ఏడుపు సన్నగిల్లింది. తర్వాత ఆగిపోయింది. చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, పాదాలు చల్లబడ్డాయి.

బాలింత అత్త, ముసలామె, స్వెటర్ లోపలికి చేయి పెట్టి అరిచింది. “ఏంది సిస్టరమ్మా, గిదంత తడితడిగున్నది! పసిదాన్ని సల్లటి బట్టల సుట్టినవా?”

నా చెమటే. నేను మోసుకొచ్చిన నా చెమటే ఆ బిడ్డను చంపుతోంది. ముసలామె స్వెటర్ లాగి అవతల పడేసి, పిల్లను తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పెట్టి, తన బొంత కప్పింది. గుమ్మం బయట నుంచి ఆయన “బతుకుతదా అక్కా?” అని ఒకటే అడగడం. “జర ఆగన్నా” అని నేను ఒకటే చెప్పడం. తడి రవిక వీపుకు అంటుకుని పళ్లు టకటకలాడుతుంటే, బొంత కిందికి చేయి పోనిచ్చి ఆ చిన్న పాదాలు పట్టుకుని కూర్చున్నాను. అంత భయం నేను మళ్లీ ఎరగను. ఎంతసేపటికో ఒక పాదం నా వేళ్లను తన్నింది. వెచ్చగా ఉంది.

అప్పుడు ముసలామె నా వెనక్కి వచ్చి, వీపు మీద చేయి పెట్టి చూసి, తిట్టుకుంటూ తన కొడుకు పొడి చొక్కా తెచ్చి ఇచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు భూపాలపల్లిలో కాపురం చేసుకుంటోంది. తండాకు రోడ్డు పడింది, కాన్పులన్నీ దవాఖానలోనే. నా కోటు చెమటను దానంతటదే బయటికి పంపిస్తుందట, మనవరాలు చెప్పింది. కావచ్చు. అయినా నా సంచిలో పొడిబట్ట ఉంది. మొన్న నడక నుంచి ఇల్లు చేరాక గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాను, ఎందుకో మొదట నాకే తెలియలేదు. మెడ వెనక నుంచి ఒక చేయి వస్తుందని ఆగాను. కాసేపు చూసి, నా చేయే వెనక్కి పెట్టుకుని వీపు తడుముకున్నాను. సగం దూరమే అందింది.