బావ పనిచేసిన కంపెనీ

మా బావ సిరోంచల ఒక కట్టె కంపెనీల లెక్కలు రాసే మున్షీ. ప్రాణహిత ఒడ్డుకు పోయే తొవ్వల వాళ్ల టేకు దుంగల డిపో ఉండేది. గేటు మీద మరాఠీల పెద్ద బోర్డు, పేరు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని. ఆ మాటంటే మా అక్కకు గొప్ప. ఎవరన్న అడిగితే, "మా ఆయన లిమిటెడ్ కంపెనీల ఉంటడు" అనేది.

ఎనభైలల్ల ఒక వానకాలం, లారీకి ఎక్కిస్తుంటే దుంగల కుప్ప జారి బావ మీద పడ్డది. దవాఖానకు తీసుకపోయేలోపే పాణం పోయింది. కంపెనీ సేటు చావుకు వచ్చిండు, అక్క ముందల కూసోని ఏడ్సిండు. "చెల్లే, కంపెనీ ఉన్నది, నీకేం రంది వద్దు" అన్నడు. దినాలు కాంగనే డిపోకు తాళం పడ్డది. సేటు తనదని చెప్పిన ఊరికి మనిషిని పంపితే, అసొంటోడు ఆడ ఎవ్వలు లేరన్నరు.

నేనప్పుడు బడిల పంతులమ్మను, మరాఠీ చదువొస్తది. "నష్టపరిహారం కేసు వెయ్యాల్నంటే ముందుగాల ఆ కంపెనీ ఉన్నదో లేదో తెలుసుకోవాలె" అన్నడు వకీలు. డిపో బిల్లు ఒకటి పట్టుకొని చంద్రపూర్ బస్సెక్కిన. ఆష్టి కాడ నది నిండుగ ఉండి బస్సు చానసేపు ఆగింది.

అమ్మకం పన్ను ఆఫీసుల ఒక ముసలి గుమాస్తా బిల్లు మీది పన్ను నంబరు చూసి రిజిస్టర్లు తిరగేసిండు. లోపటికి పోయి ఇంకొకలను అడిగి వచ్చిండు. "బాయీ, ఇది ఎప్పుడో మూతబడ్డ నూనె మిల్లు నంబరు. ఈ కంపెనీ పేరు మీద పన్ను ఎవ్వలు కట్టలే" అని మరాఠీల మెల్లగ చెప్పిండు. నాకు మంచినీళ్లు ఇప్పిచ్చిండు. తర్వాత వకీలు కంపెనీలను రిజిస్టర్ చేసే బొంబాయి ఆఫీసుకు రాస్తే అక్కడ్నుంచి గూడ అదే జవాబు. ఆ పేరుతోని కంపెనీయే రిజిస్టర్ కాలేదట.

ఈ సంగతి చెప్దామని నేను పోయేసరికి అక్క బియ్యం ఏరుతున్నది. చెప్పిన. చేతులు ఆగలే.

"లేదా?"

"ఏ ఆఫీసుల గూడ లేదక్కా."

"మరి మీ బావ పొద్దుగాల లేసి రోజూ యాడికి పోయిండే?"



డిపో పక్కపొంటి చాయ్ హోటల్ నడిపే చాచా సాక్ష్యం చెప్తనని తనంతట తనే వచ్చిండు. చెప్పెతందుకు కేసే లేకపాయె. వకీలు కాయితాలు వాపస్ ఇచ్చిండు.

మరుసటి ఎండకాలం అక్క బీడీల తునికాకు ఆరబెట్టే కల్లంల పనికి పోయింది. చేరే ముందు అక్కడి మున్షీని అడిగింది: "మీ సేటు ఎవలు? ఇల్లు యాడ?" ఆయన నవ్విండు. అక్క నవ్వలే, మళ్ల అడిగింది.