సారు అనని మాట

ఏండ్ల సంది ఒక మాట నా కార్లనే కూసున్నది. కిరాయి ఇయ్యదు, దిగదు. ఎందరో ఎక్కుతరు, దిగుతరు, అది మాత్రం ఎన్క సీట్లకెల్లి అద్దంల నన్నే చూస్తుంటది. ఇయ్యాల నీకు చెప్తున్న. నవ్వించెటోని మాటని నవ్వకు.

నేను తొమ్మిదిల బడి ఇడిసిపెట్టిన. బడే నన్ను ఇడిసిపెట్టిందని మా అమ్మ అంటది. ఉండేది శంషాబాద్ల, ఎయిర్‌పోర్ట్ కాడ క్యాబ్ నడుపుత. పొద్దూకి ఇంటికొస్తె ఇంటోళ్లు మొదలు అడిగేది ఒక్కటే, "ఇయ్యాల ఎవలెక్కిండ్రు?" ఎక్కినోళ్ల గొంతులు, మాటలు అచ్చం దించి చూపెడుత. ప్లాట్లు అమ్మెటాయన, దుబాయి నుంచి దిగిన ఆమె, ఫోన్ల ఏడ్చిన పెండ్లికొడుకు. మా ఇంటోళ్లు నవ్వుకుంటనే ఆ మాటలు పట్టుకొని నడుస్తరు. పెద్ద చదువులోళ్ల సలహా మాకు ఇంకెక్కడ దొరుకుతది? నా నోట్లకెల్లే దొరికేది.

మా చెల్లె సరిత ఫిజియోథెరపీ చదివింది. ఎముకలు, కండలు, నరాలు, అన్నీ. తర్వాత మళ్ల పరీక్ష రాస్తె దూరం జిల్లాల సర్కారు కాలేజీల ఎంబీబీఎస్ సీటొచ్చింది. దానికి ఒక్కటే పరేషాన్. క్లాసుల అందరు చిన్నపోరలు, తనే పెద్దది. చదివిన అనాటమీ అక్కడ అక్కరకొస్తదా, లేక మళ్ల మొదటికెల్లేనా? అక్కరకొస్తె పోత అన్నది. "అన్నా, నీ కార్ల ఎవలన్న డాక్టర్ సారు ఎక్కితె జర అడుగు."

ఎక్కిండు. తెల్లారుతున్నది, మంచు. హిమాయత్ సాగర్ పక్కపొంటి పోతుంటె నీళ్లేవో ఆకాశమేదో తెలుస్తలేదు, కారు పాల మీద తేలుతున్నట్టున్నది. తెల్ల మీసాల సారు, ఏదో కాలేజీల అనాటమీ చెప్తడట. అడిగిన. కండ్లు మూసుకొనే చెప్పిండు. "మొదటి ఏడాది మీ చెల్లెలు తెలిసిన వీధిలో నడిచినట్టు నడుస్తుంది. మిగతా పిల్లలు పేర్లు గుర్తుపెట్టుకోవడానికే తంటాలు పడతారు. రోగాలు, మందుల దగ్గరికి వచ్చేసరికి అందరూ సమానమే. కానీ మొదట్లో భయం లేకపోవడం చిన్న విషయమా? చేరమను బాబూ."

ఇంటికొచ్చి ఆయన గొంతే దించిన. కండ్లు గూడ మూసిన. మాటలు మాత్రం నావి. "ఏమీ పనికిరాదమ్మా. పాత చదువు ఇంకా అడ్డం. అంతా మరిచిపోయి మొదలుపెట్టాలి."

సరిత నవ్వలె. "నిజంగ గట్లనే అన్నడా? మజాక్ చేస్తున్నవా?"

"నీ మీద ఒట్టు."

"మనిషి ఎట్లున్నడు?"

"తెల్ల మీసాలు. మంచోడే."

అవి నిజమే. అబద్ధం పక్కన రెండు నిజాలు పెడితె ఎంత మంచిగ నిలవడుతదో!

సరిత ఆ కాలేజీకి పోలె. నేనెందుకన్న గట్ల? కుళ్లా? సాయంత్రం నా గొంతులకు నవ్వెటోళ్లు ఉండరనా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగినా ఒక్క కాడికే వస్త: చెల్లె డాక్టరైతె ఎన్క సీట్ల కూసునే మనిషైతది, నేను ముందు సీట్లనే ఉంట. గంతే కావచ్చు. గింత చిన్నదానికి ఒక మనిషి బతుకును మలుపుతరా? నేను మలిపిన.

ఇప్పుడు రాజేంద్రనగర్ల ఒక క్లినిక్ల భుజాలు, మోకాళ్లు సరిచేస్తది. పోయిన వారం నా భుజం పట్టేస్తె దాని కాడికే పోయిన. బొర్ల పండుకోబెట్టింది. అడగకుండనే దాని బొటనేలు నొప్పి కాడికి పోయింది. కండ పేరేదో గొణుక్కున్నది. విమానం నీడ గోడ మీదికెల్లి చేప లెక్క జారిపోయింది. నాకు సగం నిద్ర.

"మా కాడ కొత్తగ చేరిన పిల్ల ఉన్నది గదన్నా, నా చదువే. దానికీ ఎంబీబీఎస్ సీటొచ్చింది. పాత చదువు పనికొస్తదా అక్కా అనడిగితె, మన మీసాల సారు చెప్పిందే చెప్పిన. ఇగ పోను అంటున్నది."

నిద్ర ఎటు పోయిందో. మొఖం దిండుల పెట్టుకొనే చెప్పిన. "ఆ సారు గట్ల అనలె. చేరమన్నడు. నేనే మార్చి చెప్పిన."

చెయ్యి ఆగింది. ఎందుకని అడగలె. తర్వాత పర్దా అవతలికి పోయి ఫోన్ల మాట్లాడింది. "చేరు బిడ్డా. పనికొస్తదట. నాకు తప్పు చెప్పిండ్రు."

ఎవలు చెప్పిండ్రో అనలె. మళ్ల లోపలికి గూడ రాలె. ఇంకొకామె వచ్చి మిగిలిన పని చేసింది.

సరిత నాతోని మాట్లాడుతలేదు. మాట్లాడమని నేను అడుగుతలేను. పోయిన ఏండ్లను తెచ్చిచ్చెటోణ్ని కాదు గద. కాని నిన్న గల్లీల ఎదురుపడ్డది. చూసింది. ఇన్నేండ్లల్ల మొదటిసారి, నేను దాని కండ్లల్లకు చూసి, అది చూపు తిప్పుకునేదాక చూపు తిప్పలె.