వెల్లకిలా పడుకున్న మంగ

ఎల్బీ నగర్‌లో మా ఆఫీసు పక్కన ఒక నర్సరీ ఉంది. పొద్దున్నే అక్కడ కొబ్బరి పొట్టు తడుపుతారు. ఆ వాసనకి అందరికీ గులాబీ మొక్కలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం అరచేయంత సాలెపురుగు గుర్తొస్తుంది. దాని వెనకే, కొంగు నడుముకి బిగించి గాజు పెట్టెలో ఆ పొట్టు సర్దుతున్న ఈశ్వరమ్మ పెద్దమ్మ. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుందామని నేను తణుకు నుంచి వచ్చి చైతన్యపురిలో దిగినప్పుడు ఆమె మా ఇంటి ఓనరు. చదివానా అంటే, ఆ సంగతి తర్వాత.

పెద్దమ్మ వాళ్లది సరూర్‌నగర్ పాత రైతు కుటుంబం. పొలాలు కాలనీలయ్యాయి. కాలనీలకు ఆమె బర్రెల వాసన పడలేదు. అసోసియేషన్ వాళ్లు వచ్చి మర్యాదగా చెబితే ఆమె మర్యాదగానే అమ్మేసింది. ఆ తర్వాత చాలాకాలం పొద్దున్నే ఖాళీ బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి, గుర్తొచ్చి తిరిగొచ్చేదట. కొన్నేళ్లకు పైగదిలో అద్దెకున్న విద్యార్థి ఒకడు ఉద్యోగమొచ్చి ఖాళీ చేస్తూ, విరిగిన టేబుల్ ఫ్యాను, సగం అయిపోయిన షాంపూ, ఒక విదేశీ సాలెపురుగు వదిలేసి పోయాడు. ఫ్యాను పాత సామాన్ల బండికి పోయింది. సాలెపురుగును పెద్దమ్మ ఉంచుకుని, ఫోనులో వీడియోలు చూసి పెంపకం నేర్చుకుంది. దానికి మంగ అని పేరు పెట్టింది. ఆఖరుగా అమ్మిన బర్రె పేరది.

మంగను మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీ ఎక్కాను.

"ఏందిర, గట్ల ఎగురుతున్నవ్? నిన్ను జూసి అది పరేషానైతుంది," అంది పెద్దమ్మ.

"కరుస్తుందా పెద్దమ్మా?"

"నువ్వు మీద పడకుంటే అదెందుకొస్తదిర నీ మీదికి? దిగి, జర నిలవడి జూడు. భయమైనా నిలవడే జూడు."

నిలబడి చూశాను. భయం అలాగే ఉంది కానీ, దాని పక్కన ఇంకేదో కూడా వచ్చి కూర్చుంది. మంగ కాళ్ల మీద నూగు, ఎనిమిది కాళ్లనూ ఎక్కడా తొందరపడకుండా వేసే తీరు. మా అమ్మ కూడా గుడిలో అంత నెమ్మదిగా ప్రదక్షిణ చెయ్యదు. తర్వాత నల్ల తేలు ఒకటి వచ్చింది, దాని పేరు దొరసాని. వీధి పిల్లలను కూర్చోబెట్టి, కిటికీలు మూసి, దొంగనోట్లు పట్టే ఊదారంగు టార్చి వేస్తే దొరసాని ఆకుపచ్చగా వెలిగేది. "బంగారమంత లాకర్ల వెట్టిన, దీన్ని ఇంట్ల వెట్టుకున్న," అనేది పెద్దమ్మ. ముట్టుకోవడం మాత్రం ఎవరికీ లేదు, ఆమెకు కూడా. "బర్రెకు ఒళ్లు రుద్దాలె, వీటికి ఒళ్లు ముట్టొద్దు. గంతే ఫరక్."

ఆ పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పిన పుణ్యాన అసోసియేషన్‌కు మళ్లీ పని దొరికింది. ఆదివారం ప్రెసిడెంటు సుబ్బారావు గారు, ఇద్దరు సభ్యులు వచ్చి చూసి తీర్మానం చేస్తామన్నారు. తీసెయ్యమంటే తీసెయ్యాల్సిందే, బర్రెల్లాగే. ఆ ఆదివారం పొద్దున్నుంచీ పెద్దమ్మ ఖాళీ బకెట్ ఒకటి పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

వాళ్లు వచ్చేసరికి మంగ కాళ్లు పైకి పెట్టి వెల్లకిలా పడి ఉంది.

"అయ్యో, పోయిందండీ పాపం. పోన్లెండి, మనకి సగం తీర్మానం తప్పింది," అంటూ సుబ్బారావు గారు మూత తీసి, పొడిచి చూద్దామని జేబులోంచి పెన్ను తీశారు. సాలెపురుగు పోతే ఇంటికి మైల ఎన్నాళ్లని వెనకనున్న సభ్యురాలు అడిగారు.

"ముట్టకుండ్రి!" పెద్దమ్మ గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. "అది సావలే. తోలు ఇడుస్తున్నది. గిప్పుడు పొడిస్తే నిజంగనే సస్తది."

నా చెయ్యి ఎప్పుడు వెళ్లిందో తెలియదు, చూస్తే పెన్నుకీ మంగకీ మధ్యలో ఉంది. కుర్చీ ఎక్కినవాడి చెయ్యే అది. ఫొటో తీయడానికి ఎవరూ లేకపోయారు.

"ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నారు సుబ్బారావు గారు, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

"బర్రె ఈనంగ ఎంతసేపని అడుగుతరా ఎవలన్న? కూసోండ్రి."

కూర్చున్నారు. చాయ్ అయింది. అన్నం, పచ్చిపులుసు కూడా అయ్యాయి. పాత తోలు అంచున చిట్లింది. ఇరుకు చొక్కాలోంచి చేతులు లాక్కున్నట్టు మంగ ఒక్కో కాలే లాక్కుంటోంది. సుబ్బారావు గారు గాజుకి ముఖం ఆనించి, ప్రసూతి వార్డు బయట నిలబడ్డ మనిషిలా, "ఇంకొక్కటమ్మా... ఇదిగో... ఆఁ, వచ్చేసింది!" అని గుసగుసలాడుతున్నారు. కొత్త మంగ పక్కకి ఒరిగింది. కాళ్లకి తేనెరంగు మెరుపు.

చాలాసేపటికి ఆయన లేచారు. "రెండు పెట్టెల మూతలకీ తాళాలు వేయించండి ఈశ్వరమ్మ గారూ, చాలు," అన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "మళ్లీ ఎప్పుడు విడుస్తుందో కాస్త కబురు చెయ్యండి. మా ఆవిడ చూడలేదు."

పెద్దమ్మ బకెట్‌ను మూలన బోర్లించింది.

ఆ తర్వాత నా పరీక్ష ఫలితాలు వచ్చాయి. నా నంబరు లేదు. గది నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులను పెద్దమ్మ గుమ్మం దగ్గరే ఆపేసింది. "ముట్టకుండ్రి. వాని సంగతి వాడు జూసుకుంటడు." సాయంత్రానికి లేచాను. కొత్త మెరుపేమీ రాలేదు, ఆకలి మాత్రం వేసింది.

ఇంతదాకా చదివి పెద్దమ్మ పోయిందనుకుంటున్నారేమో. ఇలాంటివి రాస్తే జనం అలాగే అనుకుంటారు. తొందరపడి పెన్ను తీయకండి. ఆమె అల్మాస్‌గూడలో కూతురి దగ్గర నిక్షేపంలా ఉంది, మంగతోనూ దొరసానితోనూ. ఆ రోజు మంగ విడిచిన తోలు నా ఆఫీసు బల్ల మీద మిఠాయి డబ్బాలో ఉంది. కొత్తవాళ్లు చూసి కుర్చీ వెనక్కి జరిపి, "చచ్చిపోయిందా సార్?" అంటారు. "లేదు, బట్టలు మార్చుకుని వెళ్లింది," అంటాను. ఇక నేనెక్కడ చదివానని అడిగితే, చైతన్యపురి అంటాను. వాళ్లు కోచింగ్ సెంటర్ పేరు కోసం ఎదురుచూస్తారు. నేను ఈశ్వరమ్మ పెద్దమ్మ పేరు చెబుతాను.