అక్క ఊరి బొప్పాయి గింజలు

జమ్మలమడుగు దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఆ ఏడు పెరటి జాగా నాకు దసరా వరకే దక్కింది. అప్పటికి నా బొప్పాయి మొక్కలు నడుమెత్తు పెరగకపోతే అక్కడ గొర్రెల దొడ్డి కట్టేస్తానని మా మామ తేల్చి చెప్పాడు. అప్పటికే రెండేళ్ళు వేశాను. రెండేళ్ళూ గిడసబారాయి.

నేల మంచిది కాదని అందరూ అన్నారు. నాకు గింజ మీదే అనుమానం. పెరట్లో కాసే చెట్టు ఒకటి, కాయని పోతుచెట్టు ఒకటి, రెండూ ఒకే పండు గింజలు. పుప్పొడికి ఊళ్ళో ఇంకో పోతుచెట్టు లేదు. అంటే నేను నాటేవన్నీ తోడబుట్టినవాటి పిల్లలే.

వేరే గింజ మా ఊరి పక్కన పారే వంకకు అవతలి ఊళ్ళో ఉంది. అది ఎదుటి పార్టీ ఊరు, ఆ ఊరి బస్సు కూడా మా మగవాళ్ళు ఎక్కరు. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. ఇద్దరం ప్రొద్దుటూరులో చీరల అంగడి దగ్గర కలిసేవాళ్ళం. ఉగాది దాటిన గురువారం అక్క సంచిలో ఒక పండు తెచ్చింది. గింజలు బూడిదలో రుద్ది నీడన ఆరబెట్టాను. ఎడమ వరుసలో ఇంటి గింజ, కుడి వరుసలో అక్క గింజ. వరుసకు ఆరు గుంతలు, గుంతకు రెండు మొక్కలు. నీళ్ళు, ఎరువు సమానం.

ప్రతి గురువారం టేపుతో కొలిచి పుస్తకంలో రాసేదాన్ని. ఎడమవి జానెడు ఉన్న రోజున కుడివి మూరెడు ఉన్నాయి. నమ్మలేక మూడుసార్లు కొలిచాను.

వినాయకచవితి ముందు మా అత్త కుడి వరుస మీద వంగి, అన్నిటికంటే పొడుగు మొక్క మొదలు పట్టుకుంది. ఏపుగా లేచేది పోతుదని పూతకు ముందే పీకేయడం ఆ ఇంటి అలవాటు. ముందు రెండేళ్ళూ బలమైనవి పీకి బక్కవి మిగుల్చుకున్నామని అప్పుడు తట్టింది నాకు.

"పూత చూసి పీకు అత్తా."

"చూసేదేముంది మే? మగోళ్ళ మాదిరి ఊరికే పెరిగింది."

పదిహేను రోజులు గడువు అడిగాను. కుడి వరుసలో మొదట గుత్తులుగా వేలాడే పోతుపూత ఐదింటికి వచ్చింది. మిగతా ఏడూ కాసేవే, ఆ పొడుగు మొక్కతో సహా. మెడలో టేపు అట్లాగే ఉండగా వంటింట్లోకి పరుగెత్తి అత్తను చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను.

దసరా ముందురోజు మామ వచ్చాడు. కుడి వరుస ఆయన భుజాలు దాటింది, ఎడమ వరుస మోకాళ్ళ దగ్గరే ఉంది. ఇక నేల మాట ఎత్తలేదు.

"ఈ గింజ యాడిది?"

అబద్ధం చెబితే జాగా నిలుస్తుంది. కానీ నా పుస్తకంలో ఆ ఊరి పేరు రాసి ఉంది.

"అక్కావాళ్ళ ఊరిది, మామా."

కాండం పట్టుకుని ఊపి చూశాడు.

"పోతులు రెండు ఉండనీ, తక్కిన పోతులు పీకెయ్. ఏ ఊరివో బయట చెప్పాకు."

గొర్రెల దొడ్డి వంకగట్టున కట్టారు.